ఇల్లు అమ్మడానికి మంచి నెల కోసం 14 నెలలు

నాన్న ఇల్లు అమ్మడానికి మాకు 14 నెలలు పట్టింది. అందులో 11 నెలలు నా వల్లే పట్టాయి. మిగిలిన 3 నెలలు కొన్నవారికి బ్యాంకు అప్పు మంజూరు కావడానికి, దస్తావేజులు రాయించడానికి, రిజిస్ట్రేషన్ తేదీ దొరకడానికి సరిపోయాయి. ఆ పాపం మాత్రం నాది కాదు. ఈ లెక్క వేసింది మా అక్క. అక్క పెద్దగా మాట్లాడదు కానీ, నెలలు వేళ్ల మీద లెక్కపెట్టడంలో ఆమెను మించినవారు లేరు.

నాన్న పోయాక ఇల్లు మా ఇద్దరి పేర్ల మీదికి మారింది. కాగితాలన్నీ చేతికి వచ్చేసరికి వానలు వెనుకబడి చలి మొదలవుతోంది. అక్క వెంటనే అమ్మకానికి పెడదామంది. నేను వద్దన్నాను. ఇళ్ల అమ్మకానికి కూడా ఒక కాలం ఉంటుందని, తొందరపడితే నష్టపోతామని చెప్పాను.

“ఇల్లు కొనేవాడు కాలం చూసుకుని రాడురా, అవసరం చూసుకుని వస్తాడు” అంది అక్క.

నా వృత్తి లెక్కలు రాయడం. ఏ సంగతినైనా గళ్లలో పెట్టి చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు. ఆ సాయంత్రమే ఒక లావుపాటి నోటుపుస్తకం కొన్నాను. ఎడమ పేజీ నుంచి కుడి పేజీ దాకా 12 గళ్లు గీశాను, నెలకు ఒకటి. పక్కన వరుసలు: ఆ నెలలో ఎన్ని ఇళ్లు అమ్ముడయ్యాయి, సగటు ధర ఎంత, వాతావరణం ఎలా ఉంది, ఇంట్లోకి ఎండ ఎప్పుడు వస్తుంది, ఇంటి మీద ఎంత ఖర్చయింది. చివరి రెండు వరుసలూ ఖాళీ ఉంది కదా అని గీసినవి. తరువాత నాకు పనికొచ్చినవి ఆ రెండే.

మొదట్లో చదివినవన్నీ ఒకే మాట చెప్పాయి. వసంతం చివర, వేసవి మొదట్లో అమ్మండి. కారణాలు కూడా బాగానే ఉన్నాయి. పగలు పొడవుగా ఉంటుంది కాబట్టి ఉద్యోగం నుంచి వచ్చాక కూడా వెలుతురులో ఇల్లు చూడవచ్చు. చెట్లు చిగురించి ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. అన్నిటికంటే పెద్ద కారణం పిల్లలు. బడులు తెరిచేలోగా కొత్త ఇంట్లో కుదురుకోవాలని తల్లిదండ్రులు చూస్తారు.

ఇదంతా బ్రోకర్లు చెప్పుకునే మాటేమో అనుకున్నాను గానీ, 2014లో వెలువడిన ఒక పరిశోధన పత్రం చూశాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. రేచెల్ ఎన్‌గాయ్, సిల్వానా టెన్రేరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బ్రిటన్, అమెరికాల ఇళ్ల అమ్మకాలను పరిశీలించారు. వసంతం, వేసవి కలిసిన ఆరు నెలల్లో అమ్మకాలూ ధరలూ రెండూ వేడెక్కుతాయనీ, మిగతా ఆరు నెలల్లో రెండూ చల్లబడతాయనీ, ఏటేటా ఇదే తీరనీ చూపించారు. వాళ్లు చెప్పిన కారణం ఇంకా నచ్చింది. చెప్పుల దుకాణంలో 10 జతలే ఉంటే మన కాలికి సరిపోయేది దొరకకపోవచ్చు. 100 జతలుంటే దొరుకుతుంది. సరిగ్గా సరిపోయినదానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి ఎవరూ వెనకాడరు. (చెప్పుల పోలిక నాది, వాళ్లది కాదు.) కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ ఎక్కువగా ఉన్న కాలంలో మనిషికి తగిన ఇల్లు దొరుకుతుంది కాబట్టి ధర కూడా పెరుగుతుందన్నమాట.

ధర పెరుగుతుందని ముందే తెలిసినప్పుడు అందరూ ఆ నెలల కోసమే ఎందుకు ఆగరన్న ప్రశ్న అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఎర్ర కలంతో వేసవి గళ్ల చుట్టూ గీత గీసి, అక్కకు ఫోను చేసి, ఇంకో ఆరేడు నెలలు ఆగుదామన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత “నీ ఇష్టం” అంది. అక్క “నీ ఇష్టం” అన్నదంటే ఆమెకు ఇష్టం లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు మాత్రం తెలియనట్టే ఉండిపోయాను.

ఆ చలికాలంలోనే, బోర్డు కూడా పెట్టకముందే, పక్కింటివారి ద్వారా ఒక జంట వచ్చింది. వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు రెండు నెలల్లో ఖాళీ చేయాలట. ఇల్లంతా రెండుసార్లు తిరిగి చూశారు. మేము మనసులో అనుకున్న ధరకు 5 శాతం తక్కువ చెప్పారు. నేను నవ్వుతూ, వేసవిలో అమ్మకానికి పెడుతున్నామని, అప్పుడు రమ్మని చెప్పాను.

“వేసవి దాకా మేము ఎక్కడ ఉండాలండీ?” అన్నాడాయన. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి నోటుపుస్తకంలో రాయలేదు కూడా. దాన్ని రాయడానికి గడి లేదు.

వేసవి వచ్చింది. ఇంతకీ ఏ వారం బోర్డు పెట్టాలి? నా పట్టికలో ఏ నెలలో రిజిస్ట్రేషన్లు అన్నిటికంటే ఎక్కువగా కనిపించాయో ఆ నెల మొదటి వారమే పెట్టాను. అంత పక్కాగా చేశానన్న మురిపెంతో రెండు వారాలు గడిచాయి. ఇల్లు చూడటానికి నలుగురు వచ్చారు. వారిలో ఒకరు పక్క వీధిలో ఇల్లు కొనేశారు, మా ఇంటి గదులు ఎంత పెద్దవో పోల్చి చూసుకుని తృప్తిపడటానికి వచ్చారు.

తప్పు ఎక్కడ జరిగిందో ఒక అనుభవమున్న బ్రోకరు చెప్పాడు. “మీరు చూసింది పంట కోసిన తేదీలండీ, విత్తనం వేసిన తేదీలు కావు” అన్నాడు. ఇల్లు చూడటం, మళ్లీ చూడటం, బేరం, బయానా, అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరగడం, కాగితాల తనిఖీ, అన్నీ అయ్యాక గానీ రిజిస్ట్రేషన్ జరగదు. అంటే రిజిస్ట్రేషన్ల పుస్తకంలో కనిపించే నెల కొన్నవాడు మనసులో ఖాయం చేసుకున్న నెల కాదు. దానికి రెండు మూడు నెలల ముందే వాడు ఇళ్లు చూసుకుంటూ తిరిగాడు. బడులు తెరిచేలోగా చేరిపోవాలనుకున్నవారంతా నేను బోర్డు పెట్టేనాటికే బయానాలు ఇచ్చేసి, సామాను సర్దుకుంటున్నారు.

ఈ తేడా అమెరికా లెక్కల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం రెండు వేర్వేరు లెక్కలు వెలువరిస్తుంది. ఒకటి ఒప్పందం మీద సంతకాలయిన ఇళ్లది, ఇంకొకటి అమ్మకం పూర్తయిన ఇళ్లది. మొదటిది రెండోదానికంటే నెలా రెండు నెలలు ముందు నడుస్తుంది. కేస్ షిల్లర్ పేరుతో వచ్చే ఇళ్ల ధరల సూచీ మరీ నిదానం. అది మూడు నెలల సగటు, పైగా రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. దాన్ని చూసి ఈ నెల ధరలు పెరిగాయనుకుంటే, ఎప్పుడో జరిగిన బేరాల గురించి ఈ రోజు సంతోషపడుతున్నామన్నమాట. లెక్కలు రాసే వృత్తిలో ఉండి, ఒక అంకె ఏ రోజుదో చూసుకోకుండా వాడుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఇంకో పొరపాటు కూడా బయటపడింది. నా పట్టికలో వేసవి నెలల సగటు ధర బాగా ఎక్కువగా ఉండటం చూసి మురిసిపోయాను కదా. వేసవిలో పిల్లలున్న కుటుంబాలు ఎక్కువగా కొంటాయి, వాళ్లకు పెద్ద ఇళ్లు కావాలి. పెద్ద ఇళ్లు ఎక్కువగా అమ్ముడయితే సగటు దానంతటదే పైకి పోతుంది. ఒక్క ఇంటి ధర కూడా పైసా పెరగకుండానే సగటు పెరగవచ్చు. అందుకే కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు తమ సూచీ కోసం ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడయిన ధరలను పోల్చే పద్ధతి తీసుకున్నారు. మా ఇల్లు రెండు పడక గదులది. నేను మాత్రం నాలుగు గదుల ఇళ్ల ధరలు కూడా కలిసిన సగటు చూసి కలలు కన్నాను.

కాలం బాగుందని నమ్మినవాణ్ని నేనొక్కణ్నే కాదు. మా వీధిలోనే ఆ నెలలో ఇంకో నాలుగు బోర్డులు లేచాయి. వేడి కాలంలో కొనేవారు ఎక్కువ అన్నది ఎంత నిజమో, అమ్మేవారు ఎక్కువ అన్నదీ అంతే నిజం. ఆ పరిశోధన పత్రమే రెండూ చెప్పింది, నేను ఒక్కటే చదువుకున్నాను. మా పక్కనే కొత్తగా రంగులు వేసిన ఇల్లుంది. చూడటానికి వచ్చినవారు ముందు అక్కడికి వెళ్లి, తరువాత మా ఇంటికి వచ్చి గోడల వైపు చూసేవారు. వాళ్లు ఏమీ అనేవారు కాదు. అనక్కర్లేదు.

ఇక ధర. ఇదంతా మంచి సీజనులో అమ్ముతున్నాం కదా అని, న్యాయంగా వస్తుందనుకున్న ధరకు 8 శాతం కలిపి చెప్పాను. అంత పట్టుబట్టడానికి ఇంకో కారణముంది. రెండేళ్ల కిందట మూలమీది ఇల్లు ఒక ధరకు అమ్ముడయింది. అంతకంటే తక్కువకు ఇస్తే ఏదో పోగొట్టుకున్నట్టే నాకు అనిపించేది. 1990లలో బోస్టన్ నగరంలో అపార్ట్‌మెంట్లు అమ్మినవారి మీద డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ చేసిన పరిశీలన తరువాత చదివాను. కొన్న ధరకంటే తక్కువకు అమ్మాల్సి వచ్చినవారు మిగతావారికంటే ఎక్కువ అడిగారనీ, వాళ్ల ఇళ్లు అమ్ముడుపోవడానికి ఎక్కువ రోజులు పట్టిందనీ 2001లో వాళ్లు రాశారు. నాన్న ఇల్లు నేను కొన్నదే కాదు. నాకు నష్టమేమిటి? ఎవరో అమ్ముకున్న ఇంటి ధరను నా జేబులోంచి పోయిన డబ్బులా భావించడం నాకే చెల్లింది.

కొత్తగా బోర్డు పెట్టిన ఇంటికి ఉండే కళ మొదటి రెండు మూడు వారాలే. అప్పటికే వెతుకుతున్నవారంతా ఆ రోజుల్లోనే వచ్చి చూసిపోతారు. ఆ తరువాత వచ్చేవారు కొత్తగా వెతకడం మొదలుపెట్టినవారే కాబట్టి ఒకరిద్దరు తప్ప కనిపించరు. ఆరో వారానికి వచ్చినవారి మొదటి ప్రశ్న మారిపోయింది. అంతకుముందు “నీళ్లు ఎలా ఉంటాయి?” అని అడిగేవారు. ఇప్పుడు “ఎన్నాళ్ల నుంచి అమ్మకానికి ఉంది?” అంటున్నారు. ధర 4 శాతం తగ్గించాను. తగ్గించిన వారం ఇద్దరు వచ్చి, ఇంకా తగ్గుతుందేమో చూద్దామన్న మొహాలతో వెళ్లిపోయారు. చివరికి బోర్డు తీసేశాను.

అలా తీసేసిన వారంలోనే వానలు మొదలయ్యాయి.

ఖాళీ ఇంటి సంగతి వేరుగా చెప్పాలి. మనుషులున్న ఇల్లు తన జబ్బులు తానే చెబుతుంది. కుళాయి కారితే ఎవరో ఒకరు వింటారు. ఖాళీ ఇల్లు చెప్పదు. నేను రెండు వారాలకోసారి వెళ్లేవాణ్ని. ఒకసారి తలుపు తీయగానే మురుగు వాసన గుప్పుమంది. గొట్టం పగిలిందేమోనని భయపడ్డాను. తీరా చూస్తే, స్నానాల గది కింద వంపు గొట్టంలో ఎప్పుడూ నిలిచి ఉండాల్సిన నీళ్లు వాడకం లేక ఎండిపోయాయి. ఆ నీళ్లే మురుగు వాసనను ఆపే మూత. రెండు చెంబుల నీళ్లు పోస్తే వాసన పోయింది. ఆ వాసనలోనే వేసవిలో ఎంతమందికి ఇల్లు చూపించానో తలుచుకుంటే సిగ్గేసింది. వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మర్యాదస్తులు.

ఇంటి బీమా కాగితం తీసి చదివితే అక్కడా ఒక మెలిక ఉంది. ఇంట్లో ఎవరూ లేకుండా ఇన్ని రోజులు దాటితే కొన్ని నష్టాలకు పరిహారం రాదన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మా దాంట్లోనూ ఉంది. ఖాళీగా ఉంచి అమ్మాలనుకునేవారు ఆ ఒక్క వాక్యం వెతికి చదువుకోవడం మంచిది.

వానలు పట్టిన రెండో వారంలో ముందు గది ఉత్తరపు గోడ మీద చెమ్మ మరక తేలింది. అరచేయంత మరక నాలుగు రోజుల్లో పళ్లెమంత అయింది. అక్కకు చెప్పక తప్పలేదు. చెప్పాను. అక్క గోడ గురించి ఏమీ అడగలేదు.

“నా అప్పు సంగతి నీకు చెప్పలేదు కదా” అంది.

పిల్లవాడి చదువుకని అక్క చేసిన అప్పు ఉంది. ఇల్లు అమ్మగానే తన వాటాతో తీర్చేద్దామనుకుంది. దాని మీద ఏడాదికి 8 శాతం వడ్డీ. నా వాటా వస్తే నేను బ్యాంకులో వేసేవాణ్ని, దానికి 4 శాతం వచ్చేది. వాటాలు సమానం కాబట్టి సగటు 6 శాతం. అంటే మేము ఆగిన ప్రతి నెలకూ ఇంటి ధరలో అర శాతం చొప్పున కరిగిపోతోంది. పన్ను, కరెంటు కనీస రుసుము, తోటపని, మరమ్మతులు దీనికి అదనం. ఆరు నెలలు ఆగితే 3 శాతం, ఎనిమిది నెలలు ఆగితే 4 శాతం. సీజను పేరుతో నేను ఆశించిన 8 శాతంలో సగం దాకా ఇలా ఆగడానికే పోతుంది. ముందు తట్టని ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. అందరూ మంచి నెల కోసం ఆగకపోవడానికి కారణం, ఆగడం ఉచితం కాదు.

“ముందే ఎందుకు చెప్పలేదక్కా?” అన్నాను.

“చెబితే దానికీ గడి గీసేవాడివి” అంది.

ఆ రాత్రి నోటుపుస్తకం తీసి, అమ్మకాల వరుసలన్నీ వదిలేసి, ఖాళీ ఉందని గీసిన ఆ రెండు వరుసలు చూశాను. ఖర్చుల వరుస నిండిపోయింది. ఎండ వరుసలో మాత్రం నాకే తెలియకుండా ఒక మంచి సంగతి చేరింది. ముందు గదిలోకి ఎండ చలికాలం ఉదయాల్లో ఎదురు గోడ దాకా వస్తోంది, వేసవిలో గడప దగ్గరే ఆగిపోతోంది. చిన్నప్పుడు బళ్లో చదివిందే. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు వేసవికీ చలికాలానికీ 47 డిగ్రీల దాకా మారుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు కిందుగా నడుస్తాడు కాబట్టి, అటువైపు తెరుచుకున్న గదిలోకి ఎండ లోతుగా వస్తుంది. అంటే మా ఇంటికి వేసవి మంచి ముహూర్తం కాదు. దాని మొహం వెలిగేది చలికాలంలో. నేను వేసవిలో నలుగురిని పిలిచి చీకటి గది చూపించాను.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎండ కాసిన రోజుల్లో పైకప్పు తెరుచుకునే కార్లు, మంచు పడిన రోజుల్లో నాలుగు చక్రాలూ లాగే బండ్లు ఎక్కువగా అమ్ముడవుతాయని అమెరికాలో పరిశోధకులు లెక్కతో చూపించారు. ఏళ్ల తరబడి వాడుకోవాల్సిన వస్తువును కొనేటప్పుడు కూడా మనిషి ఆ రోజు తన ఒంటికి తగిలిన ఎండనూ చలినీ చూసుకుని నిర్ణయిస్తున్నాడన్నమాట. తోట ఉన్న ఇల్లు పచ్చగా ఉన్నప్పుడు, ఎండ పడే ఇల్లు చలిలో, గాలి ఆడే ఇల్లు ఉక్కలో చూపించాలి. అదృష్టం కొద్దీ కిందటి చలికాలంలో ముందు గది ఫొటోలు తీసి ఉంచాను, ఎందుకు తీశానో గుర్తులేదు. కొత్త ప్రకటనలో అవే పెట్టాను, ఏ నెలలో తీసినవో కింద రాశాను. అలా రాయకుండా పెట్టడం నాకు నచ్చదు.

గోడ పని వెంటనే చేయించాను. వానలు తగ్గాక చేయిద్దామని మేస్త్రీ అన్నాడు. వానలోనే నీరు ఎటునుంచి వస్తోందో తెలుస్తుందని నేను పట్టుబట్టాను. డాబా మీది వాన నీరు దిగే గొట్టం మొదట్లో చీలింది. గోడది తప్పు కాదు. గొట్టం మార్చి, అతుకు దగ్గర పూత వేసి, గోడ ఆరేదాకా కిటికీలు తెరిచి ఉంచాం. రంగు వేయించకుండా మరక గుర్తును అలాగే వదిలేశాను. డబ్బు ఆదా కోసమే అనుకోండి.

ఈసారి ధర మీద సీజను లాభం వేయలేదు. ఇటీవలి మూడు నెలల్లో మా ఇంటిలాంటి ఇళ్లకు కుదిరిన బేరాలు మాత్రమే చూసి ధర చెప్పాం. వానాకాలంలో ఇళ్లు ఎవరు చూస్తారని బ్రోకరు పెదవి విరిచాడు. నిజంగానే ఎవరూ రాలేదు, ఒక్కరు తప్ప.

ఆవిడ గొడుగు వేసుకుని, జోరు వానలో వచ్చారు. వాన తగ్గాక చూపిస్తానని ఫోనులో అంటే, “వాన తగ్గాక నాకు ఇల్లు చూడాల్సిన పని లేదండీ” అన్నారు. వచ్చీ రాగానే గదులు చూడలేదు. డాబా మీదికి వెళ్లి నీరు ఎటు పారుతోందో చూశారు. కిందికి వచ్చి ఇంటి చుట్టూ తిరిగి, నీరు ఎక్కడ నిలుస్తోందో చూశారు. ఆ తరువాత ముందు గదిలో ఉత్తరపు గోడ దగ్గర ఆగారు. మరక గుర్తు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. చెయ్యి తీసి చూసుకున్నారు. పొడిగా ఉంది.

“ఎప్పుడు బాగుచేయించారు?”

చెప్పాను. గొట్టం ఖర్చు కాగితం కూడా చూపించాను. ఆవిడ అంతకుముందు వేసవిలో ఒక ఇల్లు చూసి ముచ్చటపడి బయానా ఇవ్వబోయారట. మొదటి వానకే ఆ ఇంటి వంటగదిలో నీళ్లు నిలిచాయని పక్కింటివారి ద్వారా తెలిసి తప్పించుకున్నారట. అప్పటి నుంచి వాన పడిన రోజునే ఇళ్లు చూస్తున్నారు. తరువాతి ఆదివారం తన భర్తను, తమ్ముడిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. ఆ రోజూ వానే.

బేరం ఒక్కరోజులో తేలింది. చలికాలంలో ఆ జంట చెప్పిన ధరకంటే 2 శాతం ఎక్కువ వచ్చింది. అప్పటికి తొమ్మిది నెలలు గడిచాయి. నెలకు అర శాతం చొప్పున నాలుగున్నర శాతం ఆగినందుకే పోయింది, గోడ పని, పన్నులు కాక. ఈ తీసివేత నేను ఒక చిన్న కాగితం మీద చేసి చూసుకుని జేబులో పెట్టుకున్నాను. నోటుపుస్తకంలో ఎక్కించలేదు. అక్కకు చూపించనూ లేదు. ఆమెకు కాగితం అక్కర్లేదు, వేళ్లున్నాయి.

రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర మాత్రం కాలెండర్ ఒకసారి పనికొచ్చింది. పన్ను సంవత్సరం ముగిసే రోజుకు కొంచెం ఇటు అమ్మితే ఒక ఏడాది లెక్కలోకి, కొంచెం అటు అమ్మితే మరుసటి ఏడాది లెక్కలోకి వస్తుంది. ఎన్నేళ్లు చేతిలో ఉన్న ఇల్లు అన్నదాన్ని బట్టి కూడా చాలా దేశాల్లో పన్ను మారుతుంది. వారసత్వంగా వచ్చినదానికి ఆ ఏళ్లు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో ముందే ఒక ఆడిటరును అడిగి తెలుసుకోవాలి. మేము బయానా తీసుకోకముందే అడిగాం. కొన్నవారి అప్పు ఆలస్యమైనా మా తేదీ సురక్షితంగానే ఉంది.

తాళాలు ఇచ్చిన రోజు మళ్లీ చలికాలమే. అక్క కూడా వచ్చింది. ఉదయం తొమ్మిది దాటింది, ముందు గదిలో ఎండ ఎదురు గోడ దాకా వచ్చి, ఆ మరక గుర్తు పక్కన ఆగింది. ఆవిడ ఎండలో నిలబడి, ఇది ఎప్పటి దాకా ఇలా వస్తుందని అడిగారు. గేటు మీది కాగితం పూల తీగ ఏ నెలల్లో పూస్తుందో, డాబా నీళ్ల తొట్టి ఎన్నాళ్లకోసారి కడిగించాలో కూడా అడిగారు.

నేను సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. అమ్మకాల వరుసలున్న భాగం మడిచి, ఎండ, ఖర్చుల వరుసలు ఆవిడకు చూపించాను. ఆవిడ నిలబడే రెండు పేజీలు చదివారు. ఇది తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగారు.

“ఉంచుకోండి” అంది అక్క, నేను నోరు తెరిచేలోపే.